శేషాచలం కొండా, పాకాల గుట్టా? పెద్ద మోడల్ రైల్వేకి కొండ దేనితో కట్టాలి

పట్టాలు పరిచారు, వైరింగ్ అయింది, రైలు తడబడకుండా తిరుగుతోంది. ఇక మిగిలింది గోడ పొడవునా బోసిగా ఉన్న ప్లైవుడ్. దాని మీద కొండ లేవాలి. సరిగ్గా ఇక్కడే చాలా లేఅవుట్లు, అంటే బల్ల మీద పరిచిన బొమ్మ రైలు మార్గాలు, ఏళ్ల తరబడి ఆగిపోతాయి. థర్మకోల్ మేలని ఒకరు, ప్లాస్టర్ తప్ప పనికిరాదని ఇంకొకరు, సిమెంటు పూయమని మరొకరు చెబుతారు. ముగ్గురి మాటలోనూ నిజం ఉంది. కాకపోతే ముగ్గురి మనసులోనూ ఉన్న కొండ ఒకటి కాదు.

అందుకే వస్తువు కొనకముందే ఏ కొండ కడుతున్నారో తేల్చుకోవాలి. తిరుపతి, చిత్తూరు వైపు దృశ్యాలకు ఇది మరీ ముఖ్యం. ముప్పై నలభై కిలోమీటర్ల దూరంలోనే ఇక్కడ రాయి పూర్తిగా మారిపోతుంది.

## కొనకముందు తేల్చుకోవలసినవి

ఏ రాయి? తిరుపతి స్టేషన్ నుంచి ఉత్తరానికి చూడండి. కింద పొదలు, చెట్లు కమ్మిన వాలు. దాని పైన గోడలా నిలువుగా తెగిన ఎర్రటి రాతి పట్టీ. అది క్వార్ట్‌జైట్. పలకలు పేర్చినట్టు అరలు అరలుగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. తిరుమల ఘాట్ రోడ్డులో ఈ రాయి కిందున్న పాత గ్రానైట్ మీద కూర్చున్న చోటును జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు. అదే చంద్రగిరి దాటి పాకాల, చిత్తూరు వైపు వెళ్తే పట్టాల పక్కన కనిపించేవి గ్రానైట్ గుట్టలు. అక్కడ అరలుండవు. అంచులు అరిగి గుండ్రబడ్డ బండలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. అరల రాయికి షీటు రూపంలో దొరికే వస్తువు నప్పుతుంది, గుండ్రటి బండకు పోసేదీ పూసేదీ నప్పుతుంది. సగం నిర్ణయం ఇక్కడే అయిపోతుంది.

ఎంత ఎత్తు? తిరుపతి నుంచి తిరుమల దాదాపు 690 మీటర్లు పైన ఉంది. హెచ్‌ఓ స్కేలులో, అంటే అసలుకు 87వ వంతు (1:87) సైజులో, అది 7.9 మీటర్లవుతుంది. ఎన్ స్కేలులో, 1:160లో, 4.3 మీటర్లు. ఏ గదిలోనూ పట్టదు. కాబట్టి స్కేలు ఎత్తు అనే ఆలోచన వదిలేసి రెండున్నర, మూడడుగుల్లో కొండ తెచ్చి, దాని వెనక గోడ మీద లేత నీలి బూడిద రంగులో ఇంకో వరస కొండలు గీయాలి. పట్టాల దగ్గరి చెట్టు 12 సెంటీమీటర్లుంటే కొండ నడుము మీద 4, అంచు మీద 1. ఈ తగ్గింపు కుదిరితే కన్ను మిగతాదంతా నమ్ముతుంది.

ఏ నెల? మే నెల కొండ గోధుమ రంగు, ఎండిన బోద, ఆకు రాల్చిన చెట్లు. ఈశాన్య రుతుపవనాల వేళ, నవంబరు డిసెంబరు కొండ ముదురు పచ్చ. రెండూ ఒకే లేఅవుట్‌లో కలిస్తే ఎంత బాగా చేసినా బొమ్మలాగే కనిపిస్తుంది. ఎండాకాలం కొండకు రాయి ఎక్కువ బయటపడుతుంది కాబట్టి రాతి పని బాగా చేయాలి. వానాకాలం కొండకు రాతి పని తక్కువ, చెట్ల పని మూడింతలు. మీ చేతికి ఏ పని బాగా వస్తుందో దాన్నిబట్టి నెల ఎంచుకోండి.

ఎంత బరువు మోయగలదు, ఎంత దూరం చెయ్యి అందుతుంది? అంచు నుంచి 30 అంగుళాలు దాటితే చెయ్యి అందదు. అంతకంటే లోపలి కొండ ఊడదీయగలిగేలా ఉండాలి, లేదా కింద నుంచి దూరే దారి ఉండాలి. ఊడదీయాలంటే తేలిక వస్తువే దిక్కు.

## పోలికకు ఒక నమూనా కొండ

లెక్కలన్నీ ఒకే కొండకు వేద్దాం. పొడవు 12 అడుగులు, ఎత్తు రెండున్నర అడుగులు, అడుగున లోతు ఒక అడుగు. మడతలు, లోయలు కలుపుకుంటే పైతలం సుమారు 40 చదరపు అడుగులు.

| | ఎక్స్‌పీఎస్ (గట్టి ఫోమ్) షీటు | థర్మకోల్ | అల్లిక మీద ప్లాస్టర్ గుడ్డ | కాగితపు గుజ్జు | జాలీ మీద సిమెంటు |
|---|---|---|---|---|---|
| ఆరాక బరువు | 7 కిలోలు | 3 కిలోలు | 20 కిలోలు | ప్లాస్టర్‌కంటే తక్కువ | 90 కిలోలు |
| తిరుమల అరల రాయి | చాలా బాగా | ఫరవాలేదు | కష్టం | రాదు | కష్టం |
| పాకాల గుండ్లు | మధ్యస్తం | మధ్యస్తం | చాలా బాగా | బాగా | బాగా |
| ఇంట్లో చెత్త | కొంచెం పొడి | పూసలు, చాలా | తడి, తెల్ల మరకలు | తడి, వాసన | ఇంట్లో వద్దు |
| ఆరడానికి | జిగురు ఆరేంతసేపు | జిగురు ఆరేంతసేపు | 1–2 వారాలు | 2–3 వారాలు | వారం తడపాలి |
| తర్వాత మార్పులు | సులువు | సులువు | ఓ మాదిరి | ఓ మాదిరి | జరగదు |

షీట్లతో కట్టే రెండు పద్ధతులకూ వెనక సగం బోలుగా వదిలినట్టు లెక్క. ప్లాస్టర్ మందం 5 మి.మీ., సిమెంటు 12 మి.మీ.

## ఎక్స్‌పీఎస్: అరల కొండకు మొదటి ఎంపిక

మేడల మీద వేడి దిగకుండా వేసే గట్టి ఫోమ్ ఇది. నీలం, గులాబీ, పసుపు రంగుల్లో వస్తుంది. రూఫ్ ఇన్సులేషన్ సరుకు అమ్మేవారి దగ్గర 1250 × 600 మి.మీ. షీట్లు దొరుకుతాయి. నమూనా కొండకు 50 మి.మీ. షీట్లు ఎనిమిది చాలు. వాటిలో రెండింటి బదులు 25 మి.మీ.వి నాలుగు తెచ్చుకుని పైనున్న రాతి పట్టీకి వాడండి.

కిటుకంతా షీటు అంచులోనే ఉంది. కత్తితో కోసిన అంచు ఎప్పటికీ రాయిలా కనపడదు. షీటు మీద సగం లోతు గాటు పెట్టి బల్ల అంచున చేత్తో విరవండి. విరిగిన ముఖం గరుకుగా, మెట్లు మెట్లుగా వస్తుంది. దాని మీద ఇనుప బ్రష్‌ను అడ్డంగా, ఒకే దిశలో నాలుగైదు సార్లు లాగితే సన్నటి అరలు తేలతాయి. తర్వాత కత్తి మొనతో నిలువు పగుళ్లు పెట్టండి. ఇటుక గోడలా సమాన దూరంలో పెట్టకూడదు. రెండు దగ్గరగా, ఒకటి దూరంగా, ఒకటి రెండు అరలు దాటి కిందికి, ఇంకొకటి అర మధ్యలోనే ఆగిపోయేలా. ఒక్కో షీటును కింది షీటుకంటే అర అంగుళం ముందుకో వెనక్కో జరపండి. అక్కడక్కడ ఒక అర బయటికి పొడుచుకొస్తే దాని కింద నీడ పడుతుంది. తిరుమల రాతి పట్టీకి ప్రాణం పోసేది ఆ నీడే.

శిలాతోరణం పెట్టాలనుకునేవారికి ఇదే సరైన వస్తువు. అసలు తోరణం 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. హెచ్‌ఓలో 9.2 సెం.మీ., 3.4 సెం.మీ. 25 మి.మీ. ముక్కలు రెండు అతికించి చెక్కితే అరచేతిలో పట్టేంత తోరణం వస్తుంది.

అంటించడంలో ఒక పొరపాటు పదేపదే జరుగుతుంది. రెండు షీట్ల మధ్య నిండా ఫెవికాల్ పూసి మూసేస్తారు. గాలి తగలని తెల్ల జిగురు నడుమ రోజుల తరబడి పచ్చిగానే ఉంటుంది, కొండ జారిపోతుంది. అంచుల వెంట చారలుగా పూసి, షీట్ల గుండా వెదురు పుల్లలు గుచ్చి, రెండు రోజులు బరువు పెట్టండి. షీటు నున్నటి పైపొరను ముందుగా గరుకు కాగితంతో గీరితే పట్టు బాగుంటుంది. థిన్నర్ కలిసిన ఏ జిగురూ, ఏ స్ప్రే పెయింటూ దీని దరిదాపులకు రానీయవద్దు. ఫోమ్ కరిగి గుంటలు పడుతుంది.

రంగు విషయంలో దీనికొక లోపం ఉంది. ఫోమ్ నీరు పీల్చదు కాబట్టి పలచటి రంగునీళ్లు పగుళ్లలో ఇంకకుండా జారిపోతాయి. అందుకే మొదట వాల్ పుట్టీని మజ్జిగలా పలచగా కలిపి, పావు వంతు ఫెవికాల్ చేర్చి ఒక పూత వేయాలి. ఆరాక ఎమల్షన్ తెలుపులో పసుపు ఆక్సైడ్, ఎర్ర ఆక్సైడ్ స్టెయినర్లు (పెయింటులో కలిపే రంగు ద్రవాలు) కలిపి ఇటుక కంటే లేతగా, మట్టికుండ కంటే బూడిదగా ఉండే రంగు పూయండి. తర్వాత అర లీటరు నీళ్లలో నాలుగైదు చుక్కల నల్ల స్టెయినర్, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి పైనుంచి వదలండి. వాన కారిన చోట నల్లటి చారలు కొన్ని నిలువుగా లాగండి. చివర్న దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌తో లేత రంగు అంచుల మీద మాత్రమే తాకించాలి.

## థర్మకోల్: తేలికే గాని పూసలు

అదే జాతి ఫోమ్, ఇంకా తేలిక, ఏ డెకరేషన్ షాపులోనైనా దొరుకుతుంది. చెట్లు కమ్మేసే కింది వాలుకు, కంటికి దూరంగా ఉండే భాగానికి నిక్షేపంగా వాడుకోవచ్చు. రాతి ముఖానికి మాత్రం వద్దు. విరిస్తే రాయి కనిపించదు, పూసలు కనిపిస్తాయి. ఆ పూసలు రంపం పెట్టగానే గదంతా ఎగిరి పట్టాలకూ బట్టలకూ అతుక్కుంటాయి. ఇంజను గేర్లలో దూరితే దాన్ని విప్పక తప్పదు. వేడి తీగతో కోస్తే పూసలు రాలవు గాని పొగ మంచిది కాదు, మేడ మీద ఆరుబయట కోయండి.

రెండు ఫోమ్‌లకూ వర్తించే ఇంకో సంగతి. పీవీసీ తొడుగున్న వైరును ఫోమ్‌కు తగిలేలా పాతకూడదు. తొడుగును మెత్తగా ఉంచే పదార్థం మెల్లగా ఫోమ్‌లోకి వెళ్లిపోతుంది. ఫోమ్ కరుగుతుంది, వైరు తొడుగు పెళుసెక్కి పగులుతుంది. వైర్లను గట్టి పైపులో నడిపించండి. సోల్డరింగ్ అంతా ఫోమ్ పెట్టకముందే ముగించండి, అది మండే వస్తువు.

## ప్లాస్టర్ గుడ్డ: పాకాల గుట్టలకు

అట్టపెట్టెల్ని అంగుళం వెడల్పు పట్టీలుగా కోసి, నాలుగంగుళాల గళ్లు వచ్చేలా నులక మంచంలా అల్లి స్టేపుల్ చేస్తే కొండ అస్థిపంజరం తయారవుతుంది. దాని మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచిన గుడ్డ రెండు పొరలు. మందుల షాపులో దొరికే ప్లాస్టర్ పట్టీ పని సులువు చేస్తుంది గాని, 15 సెం.మీ. × 2.7 మీటర్ల చుట్ట ఒకటి నాలుగు చదరపు అడుగులకు మించి రాదు. మన కొండకు ఇరవై పైచిలుకు చుట్టలు కావాలి. పెద్ద లేఅవుట్‌కు అది దండగ. పాత నూలు పంచెలు రెండు చాలు, ఆరంగుళాల × పదంగుళాల ముక్కలుగా కత్తిరించుకోండి. పాలియెస్టర్ కలిసిన గుడ్డ ప్లాస్టర్‌ను పీల్చదు.

పాళ్లు: లీటరు నీటికి కిలోన్నర పొడి. నీళ్లలో పొడి చల్లాలి, పొడిలో నీళ్లు పోస్తే ఉండ కడుతుంది. రెండు నిమిషాలు నాననిచ్చి మెల్లగా కలపండి. ముంచి పరిచేందుకు చేతిలో ఉండేది పది నిమిషాలే. ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకు నీళ్లు వాడితే అంత కూడా ఉండదు. గోరువెచ్చటి నీటిలో ప్లాస్టర్ మరింత తొందరగా బిగుస్తుంది. కుండ నీళ్లు వాడండి, లేదా పావు చెంచా నిమ్మ ఉప్పు వేయండి. ముందు కలిపిన ముద్ద బేసిన్‌లో మిగిలినా తొందరగా బిగుస్తుంది, ప్రతిసారీ కడగండి. కడిగిన నీళ్లు మాత్రం కాలువలో పోయకూడదు, పైపులో గట్టిపడుతుంది.

నవంబరు చెమ్మలో మూతి విప్పి ఉంచిన బస్తాను నమ్మవద్దు. ఒక చెంచా కలిపి చూడండి. అరగంటకు గోరు దిగనంత గట్టిపడకపోతే ఆ పొడి పాడయినట్టే.

40 చదరపు అడుగులకు పొడి 17 కిలోలు పడుతుంది. దానితోపాటు 11 లీటర్లకు పైగా నీళ్లు కొండ మీద కూర్చుంటాయి. ఆ తడిని కింది ప్లైవుడ్ పీల్చి వంకర తిరగడం పెద్ద లేఅవుట్లలో జరిగే అతి ఖరీదైన తప్పు. ముందే ప్లైవుడ్‌కు రెండు వైపులా ప్రైమరు కొట్టి, పట్టాలకు మాస్కింగ్ టేపు అంటించి, ఒక రోజుకు మూడడుగుల పొడవు మాత్రమే చేయండి.

గుండ్లు చేసే తీరు: చిన్న పాలిథిన్ కవర్లలో చిక్కటి ప్లాస్టర్ పోసి మూతి కట్టి, బిగుసుకునే సమయంలో నాలుగైదింటిని ఒకదాని మీద ఒకటి పేర్చి కాస్త నొక్కండి. కవరు ఊడదీస్తే బండకు బండ ఆనిన చోట చదునుగా, మిగతా అంతా గుండ్రంగా వస్తుంది. పాకాల దారిలో కనిపించే పొందిక సరిగ్గా అదే. ఒక పెద్ద బండను ఆరాక సుత్తితో రెండుగా పగలగొట్టి, వేలెడు సందు వదిలి పక్కపక్కనే పెట్టండి.

ప్లాస్టర్ రంగును పీల్చుకుంటుంది, రంగునీళ్లు అద్భుతంగా ఇంకుతాయి. అయితే ఒకసారి ఇంకింది తిరిగి రాదు, లేతగా మొదలుపెట్టండి. కలిపేటప్పుడే పొడిలో కొంచెం బూడిద రంగు వేసుకుంటే, రేపు ఎప్పుడో మోచెయ్యి తగిలి పెచ్చు ఊడినా తెల్లగా కనపడదు.

## కాగితపు గుజ్జు, సిమెంటు

గుజ్జు చవక, పిల్లలతో కలిసి చేయడానికి బాగుంటుంది. కానీ పిండి జిగురు వేస్తే బొద్దింకలు, ఎలుకలు వస్తాయి, వానాకాలంలో బూజు పడుతుంది. చేయాలనుకుంటే జిగురుకు ఫెవికాల్ మాత్రమే వాడి, ఎండాకాలంలోనే చేయండి. సిమెంటు మేడ మీదో పెరట్లోనో నేల మీద కట్టే తోట రైల్వేలకు. చెక్క బల్ల మీద 90 కిలోలు పెట్టడం తప్పు.

## ఎవరికి ఏది

అద్దె ఇంట్లో ఉంటే ఎక్స్‌పీఎస్, నాలుగడుగుల ముక్కలుగా. రెండు ముక్కలు కలిసే చోటు లోయలో పడేలా చూసుకుని పొదలతో కప్పండి. సొంత ఇల్లు, కదలని లేఅవుట్, చిత్తూరు వైపు దృశ్యం అయితే ప్లాస్టర్‌కు సాటి లేదు. పగలు ఉద్యోగం, రాత్రి గంట మాత్రమే తీరిక ఉన్నవారికి ఫోమ్ మేలు, ఎక్కడ ఆపినా ఆగుతుంది. ప్లాస్టర్ కలిపాక అది మీ కోసం ఆగదు. ఉబ్బసం ఉన్నవారు ఇంట్లో ఉంటే ఫోమ్ గీరే పనీ పొడి ప్లాస్టర్ కలిపే పనీ బయటే చేసి, మాస్కు కట్టుకోవాలి.

తిరుపతి నుంచి పాకాల దాకా మొత్తం లైను చూపించాలనుకునే పెద్ద లేఅవుట్‌కు ఫోమ్, ప్లాస్టర్ రెండూ కలపడమే సరి: అరల పట్టీకి ఎక్స్‌పీఎస్, దాని కింది వాలుకు థర్మకోల్ దిమ్మెలు, చంద్రగిరి దాటాక ప్లాస్టర్ గుండ్లు. ఫోమ్, ప్లాస్టర్ కలిసే గీత దగ్గర పంచె ముక్కను రెండింటి మీదా నాలుగంగుళాలు పరిస్తే పగులు రాదు.

## పైపూత: మట్టి, చెట్లు, నీళ్లు

మట్టిని కొనకండి. ఇక్కడి ఎర్రమట్టి రంగు ఏ డబ్బాలోనూ దొరకదు. రెండు రోజులు ఎండలో పెట్టి, మైదా జల్లెడ పట్టి, పలచగా పరిచి దాని మీద అయస్కాంతం తిప్పండి. ఇనుప రేణువులు ఉండిపోతే ఇంజను మోటారు వాటిని లాక్కుంటుంది. జిగురు తగిలాక మట్టి ముదురుతుంది, అందుకే నాలుగో వంతు ముగ్గుపిండి ముందే కలపండి. జిగురు పాళ్లు ఒకటికి రెండు నీళ్లు, చుక్క గిన్నెల సబ్బు. ముందు స్ప్రేతో నేలను తడిపి, తర్వాతే జిగురు వేయాలి.

పట్టాల కంకరకు క్రషర్ డస్ట్ చాలు. అసలు కంకరలో పెద్ద రాయి 65 మి.మీ., చిన్నది 20 మి.మీ. ఉంటుంది. హెచ్‌ఓలో ముప్పావు మి.మీ. నుంచి పావు మి.మీ. దాకా. టీ జల్లెడలో దిగి మైదా జల్లెడ మీద నిలిచింది తీసుకోండి. రైలును ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మళ్లించే పాయింట్ల కదిలే భాగం దగ్గర జిగురు చుక్క పడినా పాయింటు పట్టేస్తుంది, అక్కడ సూదిమొనతో పని చేయండి.

చెట్లలో కొన్నవి, చేసినవి అనే పోటీ పెద్ద లేఅవుట్‌కు లేదు, వందల్లో కావాలి. ముందు వరసకు రాగి తీగ మెలేసి చింతచెట్లు పదో పదిహేనో చేయండి. వెనక వాలుకు ఎండిన తులసి కంకులు, మిక్సీలో రుబ్బి రంగేసిన స్పాంజి సరిపోతాయి. ఆ మిక్సీ జారు మళ్లీ వంటింట్లోకి పోకూడదు. మామిడి తోపుకు మొక్కల మధ్య పది మీటర్లు, అంటే హెచ్‌ఓలో పదకొండున్నర సెంటీమీటర్లు, చాళ్లు తప్పకుండా. ఎండిన బోదకు కొబ్బరి పీచు చిన్న కుచ్చులుగా కత్తిరించి నాటండి.

నీళ్ల కోసం రెజిన్ (పోశాక గాజులా గట్టిపడే ద్రవం) కొనేముందు స్వర్ణముఖిని తలుచుకోండి. ఏడాదిలో ఎక్కువ కాలం అది ఇసుకే. జల్లించిన ఇసుక, నడుమ రెండు మూడు మడుగులకు నిగనిగలాడే వార్నిష్ నాలుగు పూతలు వేస్తే నది వచ్చేస్తుంది. చెరువు తప్పదంటే ఎపాక్సీ రెజిన్‌ను 3 మి.మీ. పొరలుగా పోయండి, మందంగా పోస్తే వేడెక్కుతుంది. పాలియెస్టర్ రెజిన్ ఫోమ్‌ను తినేస్తుంది.

కొండ వెనక మూసేముందు ఒక పని మరవకండి. రాత్రి తిరుపతి వీధుల్లోంచి తలెత్తితే కొండ మీద గాలిగోపురం దీపాలు కనిపిస్తాయి. ఆ చోట అంచు కింద చిన్న రంధ్రం పెట్టి, ఒక సన్నటి ఎల్‌ఈడీ, దానికి రెసిస్టరు, కిందికి పైపులో వైరు, వెనక నుంచి చెయ్యి దూరేంత తలుపు ఉంచండి. కొండంతా అంటించాక అక్కడికి వైరు లాగడం కుదరదు.